ఒంటి మనిషి గట్టిమేళం

ఆయన మా ఊరికి వస్తున్నాడని ఎవరూ చెప్పనక్కరలేదు. వేంపల్లె దోవలో మలుపు తిరగకముందే వినబడేది. కుడికాలు పడితే ధం, ఎడమకాలు పడితే ఛల్. రెండింటికీ నడుమ మోకాళ్ళ దగ్గర ఇంకొక చప్పుడు. ఆయన ముందర కుక్కలు, వెనక కుక్కలు. ఊరి కుక్కలన్నీ ఆయన ఉన్న నాలుగు రోజులూ వేరే పని పెట్టుకునేవి కావు.

ఆయన ఒంటి మీద సామాను ఎట్లా ఉండేదో చెప్తాను. వీపు మీద డోలు. డోలును కొట్టే కర్రకు ఒక తాడు, ఆ తాడు రెండో కొస కుడి మడమకు. మడమ ఎత్తి దించితే కర్ర లేచి డోలు మీద పడేది. ఎడమకాలికి గజ్జెలు. మోకాళ్ళ లోపలివైపు చెరొక కంచు తాళం. ఎడమ చంకలో తోలుతిత్తి, మోచేత్తో ఒత్తితే అది శ్రుతి పలికేది. రెండు చేతుల్లో సన్నాయి. ఇవన్నీ కట్టుకున్నాక ఆయన వీపు గోక్కోవాలన్నా ఊరంతా వినాల్సిందే. వంగి దండం పెడితే తిత్తి ఒత్తుకుని గేదె మూలిగినట్టు మూలిగేది. పెద్దవాళ్ళు దీవించబోయి వెనక్కు జరిగేవాళ్ళు.

నడిచేటప్పుడైనా తాడు వదులు చేసుకోరాదా అని నేనొకసారి అడిగాను. ఊళ్ళోకి చప్పుడు లేకుండా రావడం దొంగల పని అన్నాడు.

మొదట ఆయన్ను చూసింది కరువు ఏడాది, గంజి కేంద్రం దగ్గర. రాగి గంజి ఉడికేదాకా జనం ఎండలో వరుస కట్టి నిలబడేవాళ్ళు. ఆకలి మీద ఉన్నవాళ్ళు కాబట్టి తోపులాట, తిట్లు, జుట్లు పట్టుకోవడం కూడా అయ్యేది. ఆయన వచ్చి వరుస పక్కన నిలబడి వాయిస్తే జనం కొట్లాడుకోవడం మరిచిపోయి ఆయన కాళ్ళ కేసి చూసేవాళ్ళు. ఏ కాలికి ఏ చప్పుడో కనిపెట్టేలోగా గంజి ఉడికేది. అందరూ తాగాక అడుగున మిగిలితే ఆయన తాగేవాడు, మిగలకపోతే లేదు.

ఆయనకు ఒంటి మీద ఒక జత, అదీ తాను వడికిన నూలుతో నేయించుకున్న ముతక బట్ట. వాగులో ఉతుక్కుని, ఆరేదాకా గోచీతో కూర్చుని తకిలి తిప్పేవాడు. ఊళ్ళోకి వచ్చిన రోజు పొద్దున్నే ముందు వీధి చిమ్మేవాడు, ఆ తర్వాతే వాయిద్యాలు కట్టుకునేవాడు. చెత్తలో నిలబడి పాడితే పాట చెత్తదవుతుందనేవాడు. ఎవరింట్లో తింటే వాళ్ళింట్లో కట్టెలు కొట్టిగాని, తొట్టి నింపిగాని తినేవాడు. సంగటి ముద్ద తన పిడికిలి కంటే పెద్దదైతే పైది తుంచి తిరిగి ఇచ్చేవాడు. ఎద్దులకు మేత లేని ఏడాదిలో బండెక్కడం పాపమని, అంత బరువు మోసుకుని కర్నూలు దాకా నడిచే పోయేవాడట.

ఒకసారి మా మామ అరుగు మీద కూర్చుని, ఇన్ని వాయిద్యాలు ఒక్కడే మోయడం దేనికి, నలుగురిని పెట్టుకోరాదా అని అడిగాడు.

"పెట్టుకోవచ్చు రెడ్డీ. అప్పుడు వాయిద్యాలు ఐదు, పొట్టలు ఐదు. ఇప్పుడు వాయిద్యాలు ఐదే, పొట్ట ఒకటే. మిగిలిన నాలుగు ముద్దలూ ఊళ్ళోనే ఉండిపోతాయి కదా," అన్నాడు.

తలుపు చాటున నిలబడి ఉన్న నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ రోజు ఆయన తుంచి తిరిగి ఇచ్చిన సంగటిని నేను పక్కింటికి కూడా పంపకుండా దాచిపెట్టాను. లోకంలో నాలాంటి మనిషి ఇంకొకడున్నాడు అనుకున్నాను. నేను రెండో తరగతి దాకానే చదివాను గాని పొదుపు నాకు ఎవరూ నేర్పక్కరలేదు. ఆయన పొదుపూ నా పొదుపూ ఒకటేనని నేను అనుకోవడమే ఈ కథకంతా మూలం.

మరుసటేడు వానలు పడ్డాయి. కరువులో రెండుసార్లు నిలిచిపోయిన మా ఆడబిడ్డ పెండ్లికి ముహూర్తం పెట్టారు. పెండ్లికొడుకువాళ్ళది డోన్ దగ్గర పల్లె. పిల్లవాడు మంచివాడు, భూమి ఉంది, బావి ఉంది. ఇబ్బందల్లా ఆ పిల్లవాడి తాతతోనే. ఆయనకు తుమ్మంటే హడలు. అంతకుముందు ఒక సంబంధం నిశ్చయం చేసుకునే రోజు ఆ ఇంట్లో ఎవరో ఒంటి తుమ్ము తుమ్మారని, వేసిన చాప మీద నుంచి లేచి బండెక్కి పోయిన మనిషి. మా ఇంటికి పిల్లను చూడటానికి వచ్చినప్పుడు మా అత్త ఇంట్లో మిరపకాయలన్నీ తీయించి పొరుగింట్లో పెట్టించింది.

అంత శకునాల మనిషి, తాను మాత్రం పొద్దస్తమానం ముక్కుపొడి పీల్చేవాడు. తన తుమ్ము కూడా ఆయనకు శకునమే. రెండోది తుమ్మేదాకా ఎక్కడివాడక్కడ ఆగిపోవాలి. రెండోది రాకపోతే ఆ రోజుకు పని లేదు.

తాళి కట్టే వేళకు గట్టిమేళం ఎందుకు వాయిస్తారో మీకు తెలిసిందే. తుమ్ము గాని, ఏడుపు గాని, చెడ్డమాట గాని చెవిన పడకూడదు. మామూలు పెండ్లిలో అది ఆచారం, మా ఆడబిడ్డ పెండ్లిలో అవసరం. ఇరవై రెండేళ్ళు నిండిన పిల్ల, రెండు ముహూర్తాలు తప్పిన పిల్ల. ఈ మూడోది ఒక తుమ్ముతో తప్పితే మళ్ళీ ఎవరూ గడప తొక్కరు. పెండ్లి దగ్గర పడుతుంటే ఆ పిల్ల మేళం కుదిరిందా వదినా అని రోజూ అడిగేది.

మా అత్తకు మోకాళ్ళ నొప్పులు వచ్చి తాళాలగుత్తి నా చేతికి ఇచ్చింది ఆ ఏడాదే. పెద్ద కోడలిని, పెండ్లి పెత్తనమంతా నాది. మేళం కుదర్చడం కూడా నాదే.

ఏటా మా ఊరి పెండ్లిండ్లకు వచ్చే మేళగాళ్ళే వచ్చారు. ఐదుగురు వస్తామన్నారు. ఐదుగురు ఎందుకని అడిగాను. సన్నాయి ఇద్దరు, డోలు ఒకరు, తాళం ఒకరు, శ్రుతి ఒకరు అని పెద్దాయన చెప్పాడు. శ్రుతి పట్టేవాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క సప్పుడే చేస్తాడు కదా, ఆ ఒక్క సప్పుడుకు మూడు పూటల బువ్వా అన్నాను. తాళం మా ఇంట్లో ఎవరైనా కొడతారు, చేతులు లేవా అన్నాను. రెండో సన్నాయి మొదటాయన వాయించిందే వాయిస్తాడు, మేము ఒకసారి వింటే చాలదా అన్నాను. చివరకు డోలాయనా పెద్దాయనా ఇద్దరు వస్తే సరిపోతుందని తేల్చాను. పెద్దాయన అంతా విని, కండువా దులిపి భుజాన వేసుకుని, ఆలోచించి చెప్తానమ్మా అని పోయాడు. ఆలోచించి పక్క ఊరి పెండ్లికి ఒప్పుకున్నాడు.

ఇంకొక మేళం చూద్దామంటే లేదు. కరువులో ఆగిపోయిన పెండ్లిండ్లన్నీ ఆ ముహూర్తానికే పడ్డాయి. మా ఆయన పులివెందుల దాకా పోయి వచ్చాడు. వాయించేవాళ్ళు కాదు గదా, డోలు కూడా ఊరికే లేదు. ఈ మాట మా అత్తకు చెబితే తాళాలగుత్తి ఆ పూటే వెనక్కు పోతుంది. మా ముహూర్తానికి ఇంక ఆరు రోజులే.

సరిగ్గా అప్పుడు వేంపల్లె దోవలో ధం, ఛల్ అని వినబడింది.

నేను కొంగు దోపుకుని ఎదురుపోయాను. నా జన్మలో ఎవరికీ అట్లా ఎదురుపోలేదు. పెండ్లికి వాయించాలని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"మీ ఊరి మేళగాళ్ళు ఏమైరి? వాళ్ళు రామన్నారా, నువ్వు వద్దన్నావా?"

"రెండూ," అన్నాను. అబద్ధం చెప్పాలనే అనుకున్నాను గాని ఆ మనిషి ముందర రాలేదు.

వాళ్ళ పొట్ట కొట్టి తాను వాయించనన్నాడు. వాళ్ళకు ఇంతకంటే మంచి పెండ్లి దొరికిందని, అక్కడ శ్రుతి పట్టేవాడికి కూడా మూడు పూటలా పెడుతున్నారని చెప్పాక కాస్త మెత్తబడ్డాడు. అయితే ఏమి ఇవ్వాలో చెప్పమన్నాను.

"దుడ్లు నాకొద్దమ్మా. బట్టలొద్దు. పందిరి గుంజలు నాటేది ఎవరు? నీళ్ళు మోసేది ఎవరు? వడ్లు దంచేది ఎవరు? ఊరి చివర వాడవాళ్ళే గదా. వాళ్ళను గొడ్లపాక ఎనక గిన్నెలు పట్టుకోని నిలబెట్టొద్దు. పందిట్లో, పెండ్లోళ్ళ పక్కన ఆకేసి పెట్టు. అదే నా కూలి."

ఇప్పటివాళ్ళకు ఇది ఏముందిలే అనిపించవచ్చు. ఆ రోజుల్లో మా ఇండ్లలో అట్లాంటి మాట నోట రావడమే పెద్ద విషయం. వాడవాళ్ళు గిన్నెలు తెచ్చుకోవాలి, అందరూ తిన్నాక మిగిలింది పైనుంచి వేయించుకుని పోవాలి, అదే నడుస్తున్న పద్ధతి. నేను లోపల లెక్క వేసుకున్నాను. తాళి ముడి పడ్డాక ఈయప్ప ఏం చేయగలడు? వాయించింది వెనక్కు తీసుకుంటాడా? అప్పటికి ఏదో ఒకటి చెప్పి సాయంత్రం గొడ్లపాక దగ్గరే పెట్టవచ్చు. ఇట్లా అనుకుని, సరే అన్నాను.

"నీ మాట మీదనే వాళ్ళకు చెప్తాండా," అన్నాడు. అన్నట్టే నేరుగా వాడకు పోయి, ఈ పెండ్లికి గిన్నెలు తేవద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఆయన పోయేదీ వచ్చేదీ చప్పుడుతోనే కాబట్టి ఏ ఇంటి ముందు ఎంతసేపు ఆగాడో నాకు వంటింట్లోకి తెలిసిపోతూనే ఉంది.

మధ్యాహ్నం మా అత్త అడిగింది.

"మేళం కుదిరిందా మ్మే?"

"కుదిరిందత్తా. ఐదు వాయిద్యాలు."

మా అత్త సంతోషపడి ఐదుగురికి సరిపడా బియ్యం వేరే మూట కట్టించింది. నేను ఆ మూట విప్పి నాలుగు వంతులు మళ్ళీ గాదెలో పోశాను.

రెండో రోజు గొడ్లపాకలో ఆయన ఒకసారి గట్టిమేళం వాయించి చూశాడు. బర్రె ఆ పూట పాలు ఇవ్వలేదు. కోళ్ళు పైకప్పు ఎక్కాయి. వాయించడం మాత్రం నాకు నచ్చింది. కళ్ళు మూసుకుంటే ఐదుగురు, తెరిస్తే ఒక్కడు. అయిపోయాక ఆయన మడమ తాడు పట్టి చూపించాడు. అరిగి దారాలు లేచి ఉంది.

మామూలు పాటకైతే ఇది చాలుతుంది గాని గట్టిమేళానికి మడమ శానా బలంగా కొట్టాలని, రెండు బారల కొత్త నూలుతాడు ఉంటే ఇమ్మని అడిగాడు. ఆయన మా ఇంట్లో తనకోసం అడిగింది అదొక్కటే.

కొత్త నూలుతాడు నా పెట్టెలో ఉంది. మా పెద్దవాడి తొట్టెల ఉయ్యాలకు కొన్నది, వాడు పెద్దవాడయ్యాక విప్పి, ఉతికి, చుట్టి, మళ్ళీ కాన్పుకు పనికొస్తుందని దాచిపెట్టాను. దాన్ని పెండ్లి చప్పుళ్ళకు అరగదీయడమా? అటక మీద పాత చేంతాడు ముక్క ఉంది. బావికి తాడు మార్చినప్పుడు కోసి పెట్టినది. దాన్ని తెచ్చి, నూనె చేత్తో నిమిరి నున్నగా చేసి ఇచ్చాను.

ఆయన దాన్ని రెండు చేతులా లాగి చూశాడు. నా ముఖం కేసి చూశాడు.

"గట్టిదేనా మ్మా?"

"ఏనుగును కట్టొచ్చప్పా," అన్నాను.

ఆయన దాన్నే మడమకు కట్టుకున్నాడు.

పెండ్లి రోజు పొద్దున మగపెండ్లివారు ఎర్రగుంట్లలో రైలు దిగి బండ్లలో వచ్చారు. వాళ్ళకు ఎదురు పోవడానికి మేళం ముందు నడవాలి కదా, ఈయన నడిచాడు. మా అత్త అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. ధం, ఛల్ అని ఆయన ముందుకు వచ్చాడు, వెనక కుక్కలు వచ్చాయి, కుక్కల వెనక ఇంకెవరైనా వస్తారేమోనని మా అత్త మెడ చాపి చూసింది.

"తక్కిన నలుగురు యాడుండారు మ్మే?"

"ఈయప్ప మీదనే ఉండారత్తా."

మా అత్త నన్ను అట్లాగే చూస్తూ ఉండిపోయింది. పెండ్లివారు వాకిట్లోకి వచ్చారు కాబట్టి ఏమీ అనలేకపోయింది. ఆ చూపును ఆమె తర్వాత చాలా ఏళ్ళు దాచుకుని, అవసరమైనప్పుడల్లా బయటికి తీసింది.

మగపెండ్లివారికి మాత్రం ఆయన తెగ నచ్చాడు. ఆడవాళ్ళు ఆయన చుట్టూ తిరిగి ఏ తాడు ఎక్కడ కట్టి ఉందో చూశారు. తాతైతే ముక్కుపొడి డబ్బీ పట్టుకుని ఆయన వెనకే నిలబడి, డోలు మీద కర్ర పడినప్పుడల్లా తానూ తల ఊపాడు.

ముహూర్తం వేళకు పందిరి నిండిపోయింది. పందిరి బయట, గేటు దగ్గర, వాడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నలభై మందికి తక్కువ లేరు. అందరికంటే ముందు మా కళ్ళంలో వడ్లు చెరిగే పెద్దామె. చేతులు ఊరికే ఉన్నాయి గాని అందరి కొంగుల కింద, కండువాల కింద ఏదో ఎత్తుగా ఉంది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

తాత మండపానికి ఆనుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. పెండ్లికొడుకు తాళి చేతికి తీసుకున్నాడు. మా ఆడబిడ్డ తల వంచింది. నేను అక్షింతల పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను. పురోహితుడు చెయ్యి ఎత్తి గట్టిమేళం అన్నాడు. అదే సమయానికి తాత, మనుమడి పెండ్లి చూస్తున్న సంబరంలో కాబోలు, ఎప్పటి కంటే పెద్ద చిటికెడు తీసి రెండు ముక్కుల్లోకీ పీల్చాడు.

సన్నాయి లేచింది. మడమ లేచింది. ధం, ధం, ధం, ధం. ఐదో ధం పడలేదు.

తాడు తెగింది. కర్ర గాలిలోకి లేచి, పందిరి మామిడాకులకు తగిలి, పాయసం గుండిగలో పడింది. ఉన్నట్టుండి తాడు బిగువు పోయేసరికి ఆయన ముందుకు తూలాడు, డోలు పక్కకు జారింది, దాని తోలుపట్టీ మెడకు బిగిసింది. సన్నాయి ఒక్క కీచు వేసి ఆగింది. తిత్తి మాత్రం ఎవరూ ఒత్తకుండానే మెల్లగా మూలిగి, అదీ ఆగింది.

పందిరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తాత తల మెల్లగా పైకి లేచింది. నోరు తెరుచుకుంది. కళ్ళు సగం మూసుకున్నాయి. ఆయన కూడా తనకు ఏం వస్తున్నదో తెలిసి ముక్కు పట్టుకోబోయాడు గాని చేతిలో డబ్బీ ఉంది. పెండ్లికొడుకు తాళి పట్టుకుని, ముడి వేయాలో వద్దో తెలియక తాతనే చూస్తున్నాడు. మా ఆడబిడ్డ వంచిన తల ఎత్తకుండానే కళ్ళు తిప్పి నన్ను చూసింది.

నా చేతిలో ఇత్తడి పళ్ళెం ఉంది. బోర్లించి నాలుగు బాదితే చాలు. అది నాకు తోచింది. తోచాక, అందులో ఉన్న అక్షింతలు నేలపాలు అవుతాయే అని కూడా తోచింది. ఇది రాయడానికి నాకేమీ గొప్పగా లేదు. మా ఆడబిడ్డ బతుకు ఒకవైపు, పిడికెడు బియ్యం ఒకవైపు, నేను ఆ రెండింటి మధ్యా నిలబడ్డాను.

అప్పుడు గేటు దగ్గర టంగుమని మోగింది.

వడ్లు చెరిగే పెద్దామె కొంగు కింద నుంచి సత్తు గిన్నె తీసి, చేతి కడియంతో కొట్టింది. ఆమె పక్కామె కూడా తీసింది. తర్వాత నలభై కొంగులు, నలభై కండువాలు లేచాయి. గిన్నెలు, పళ్ళేలు, చెంబులు, ఒకాయన చేతిలో మూకుడు కూడా. రాయితో కొట్టేవాళ్ళు రాయితో, గరిటెతో కొట్టేవాళ్ళు గరిటెతో. వాయిద్యాలాయన డోలు పట్టీ మెడ నుంచి తప్పించుకుని, మోకాళ్ళ తాళాలు రెండూ పీకి చేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. అంత చప్పుడు మా ఊళ్ళో అంతకుముందు లేదు, తర్వాతా లేదు. మా అరుగు కింద పడుకున్న కుక్కలు వేంపల్లె దాకా పోయాయని చెప్పుకున్నారు.

తాత తుమ్మాడు. మేము చూశాము గాని వినలేదు. తలపాగా ముందుకు ఒరిగి కళ్ళ మీద పడింది, అంతే. ఆయన తలపాగా సర్దుకునేలోగా మూడు ముళ్ళూ పడ్డాయి. ఆఖరి ముడికి నేను కూడా పళ్ళెం బోర్లించి, పాయసం గంటె అందుకుని బాదాను. అక్షింతలన్నీ పురోహితుడి మీద పడ్డాయి.

చప్పుడు ఆగాక పెండ్లికొడుకు తండ్రి నా కేసి తిరిగి, ఇది ఏమి మేళమమ్మా, మా దిక్కు ఎప్పుడూ చూడలేదే అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మా అత్త అందరికంటే ఎక్కువగా చూస్తూ ఉంది. వాయిద్యాలాయన తెగిన తాడు ముక్క చేతిలో పట్టుకుని గేటు దగ్గరికి నడిచి వాడవాళ్ళతో పాటు నిలబడ్డాడు. ఆయన తిట్టి ఉంటే నేను కూడా నాలుగు అని ఊరుకునేదాన్ని.

"ఇది మా ఇంటి ఆనవాయితీ మామా," అన్నాను. "మా ఇంట్లో తాళి కడితే ఊరు ఊరంతా వాయించాల. వాయించినోళ్ళకు పెండ్లోళ్ళ పక్కన ఆకేయాల. తరతరాల నుంచి ఇంతే."

మా అత్త ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఆ ఇంటికే కోడలై, అరవై ఏళ్ళు నిండిన మనిషి. ఆమె నోరు తెరిచింది. కూతురి మెడలో తాళి చూసి మళ్ళీ మూసింది.

అందరూ ఒప్పుకున్నారని అనను. మగపెండ్లివాళ్ళలో కొంతమంది లేచి లోపలి నడవలో కూర్చుని తిన్నారు. మా దాయాదులు ఇద్దరు అసలు తినకుండానే పోయారు. అందరినీ కూర్చోబెట్టింది తాతే. శుభం జరిగిన రోజున ఇంటి ఆనవాయితీ మీరితే ఎంత అరిష్టమో తెలుసా అని కొడుకును గద్దించి, తానే పోయి మొదటి ఆకు ముందు కూర్చున్నాడు. ఆయన పక్క ఆకు ముందు పెద్దామె కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఓళిగలు తిన్నారు. చివర్న తాత ఆమెకు ముక్కుపొడి డబ్బీ చాపాడు, ఆమె తీసుకుంది.

నేను నెయ్యి వడ్డిస్తూ పెద్దామె దగ్గరికి వచ్చినప్పుడు మెల్లగా అడిగాను.

"గిన్నెలు తేవద్దని ఆయప్ప చెప్పలేదా?"

"చెప్పినాడమ్మా," అంది ఆమె. "ఆయప్ప మంచోడు. కానీ కొత్తోడు. నీ సంగతి మాకు తెలుసు గదా."

నేను చిన్న గంటె పక్కన పెట్టి పెద్ద గంటెతో వేశాను. పాయసం గుండిగలో పడిన కర్ర దొరికితే కడిగి ఆయనకు ఇచ్చాను. ఆయన ఎప్పటిలాగే పిడికెడు తిని లేచాడు. ఆయన మిగిల్చింది నేను మళ్ళీ గాదెలోకి పంపే వీలు లేకుండా, ఆ నలభై మందీ తిన్నారు. మేళం మీద నేను మిగిల్చినదంతా, అంతకు మించి కూడా, ఆ పంక్తిలో అయిపోయింది. ఆయన పొదుపు చేసే ముద్దలు ఎవరికి పోతాయో నాకు అప్పుడు తెలిసింది.

దీనితో నేను మారిపోయానని రాస్తే అబద్ధం. మరుసటి నెల కళ్ళం రోజున మళ్ళీ గొడ్లపాక వెనకే పెట్టాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. కానీ పెండ్లి విషయంలో మాత్రం నా నోటికి నేనే దొరికిపోయాను. మా చిన్న మరిది పెండ్లికి వాడవాళ్ళు అడగకుండానే గిన్నెలతో వచ్చి గేటు లోపలికి నడిచి, ఆనవాయితీ కదమ్మా అన్నారు. ఇప్పుడు మా మనుమరాండ్ల పెండ్లిండ్లలో కూడా తాళి వేళకు గిన్నెలు కొడతారు, అందరికీ ఒకే పంక్తి వేస్తారు. ఎందుకని ఎవరైనా అడిగితే తరతరాల నుంచి ఉందని చెబుతారు.

పెండ్లి మరుసటి రోజు పొద్దున ఆయన బయలుదేరాడు. తెగిన తాడును తానే ముడి వేసుకుని కట్టుకున్నాడు. ముడి వల్ల తాడు పొట్టిదై, కుడికాలు కుంటినట్టు పడుతూ ఉంది. ధం అని పడాల్సింది, సగంలో ఆగి, ద్ద అని పడుతూ ఉంది. వంటింట్లో ఉన్న నాకు ఆ చప్పుడు వీధి కొసదాకా వినబడుతూనే ఉంది. ఒక్కొక్క ద్ద నన్ను పేరు పెట్టి పిలిచినట్టే ఉంది. ఓర్చుకున్నాను. గిన్నెలు తోమాను. మలుపు దగ్గరికి పోయేసరికి ఇక ఓర్చుకోలేక, పెట్టె తెరిచి తొట్టెల తాడు చుట్ట తీసుకుని పరుగెత్తాను.

ఆయన ఆగాడు. తాడు చూశాడు, లాగి చూడలేదు.

"ఇది దేనికి దాచిన తాడు మ్మా?"

చెప్పాను. పాతది ఏ తాడో కూడా చెప్పాను.

"తెలుసులే," అన్నాడు. "బావి వాసన వచ్చింది."

తెలిసి ఎందుకు కట్టుకున్నావప్పా అని అడిగాను. నువ్వు ఏనుగును కట్టొచ్చంటివి కదా, నువ్వు అన్నాక అది నీ మాట, నిలబెట్టుకుంటావేమోనని చూసినా అన్నాడు. తర్వాత మొలలోంచి చిన్న కత్తి తీసి, చుట్టలో సగం కోసుకుని, సగం నా చేతిలో పెట్టాడు. రెండు బారలే అడిగినాను, అంతకంటే తీసుకోకూడదన్నాడు. మొత్తం తీసుకోమని నేను బతిమాలాను. నా జన్మలో ఒకరిని తీసుకోమని బతిమాలింది కూడా అదే మొదలు. వినలేదు.

ఆ తర్వాతి ఏడాది మా రెండోవాడు పుట్టాడు. సగం తాడుతో తొట్టెల కడితే దూలానికి దగ్గరగా, నా తలకంటే ఎత్తున వేలాడింది. కొత్త తాడు కొనడానికి నాకు మనసు రాలేదు. పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా రోలు మీద పీట వేసుకుని ఎక్కి దించుకునేదాన్ని. మా అత్త మోకాళ్ళు పట్టుకుని కూర్చుని చాలా రోజులు చూసి, చివరకు అడిగింది. పిల్లోణ్ణి ఆకాశంలో ఎందుకు కట్టినావని.

"మా పుట్టింటి ఆనవాయితీ అత్తా," అన్నాను.

"నీ ఆనవాయితీలతో సస్తాండా," అంది మా అత్త. అని, నేను పడకుండా పీట పట్టుకుంది.